లాన్‌కు మంద పెట్టించిన వైనం

తన ఇంటి ముంగిట తానే, పట్టపగలు, నిబంధనలు రాసి, చదివి వినిపించి మరీ విపత్తును లోపలికి పిలిచిన మనుషులు లోకంలో తక్కువ. ఆ తక్కువలో ఒకణ్ణి నేను. ఇది చదివి మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి, కాదనను. అయితే వరుసక్రమంలో నవ్వండి. ఏది ముందు జరిగిందో ఏది తరువాత జరిగిందో తెలుసుకోకుండా మధ్యలో నవ్వేవారంటే నాకు ఆది నుంచీ కోపం. అందుకే నాటి రిజిస్టరు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

అప్పుడు నాకు యాభై ఎనిమిది నిండి పది నెలలు. పసితనం అనుకోండి. ఉద్యోగ విరమణ చేసిన మనిషి రెండోసారి పుడతాడు. ఆ రెండో పుట్టుకలో నా వయసు పది నెలలు. పది నెలల పిల్లవాడు ఏది కనబడితే అది నోట్లో పెట్టుకుంటాడు. నేను ఏది కనబడితే అది రిజిస్టర్లో పెట్టుకునేవాణ్ణి.

నందికొండలో కాలువల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు రికార్డులు చూశాను. అక్కడ పెద్ద ఇంజనీరుగారి బంగళా ముందు ఒక లాన్ ఉండేది. వానకాలంలో దాని పచ్చదనం చూస్తే కళ్లకు చలువ. ఫైలు పట్టుకుని దాని అంచున గంటలకొద్దీ నిలబడ్డానే తప్ప, ముప్పై నాలుగేళ్లలో ఒక్కనాడూ దాని మీద పాదం మోపలేదు. అందుకని హాలియాలో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు భాగంలో రెండు వందల గజాలు ఖాళీగా వదిలించి, “ఇక్కడ లాన్ వేస్తాను. దాని మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఫైలు పట్టుకుని వచ్చినవాడు అంచునే నిలబడతాడు” అని ప్రకటించాను.

ఫైలు పట్టుకుని మా ఇంటికి ఎవరొస్తారన్న ప్రశ్న నాకు తట్టలేదు. మా ఆవిడ సత్తెమ్మకు మాత్రం వేరే ప్రశ్న తట్టింది.

“గింత జాగల గడ్డి వెడ్తవా? మనకు బర్రె ఉన్నదా, గొడ్డున్నదా?”

“గది మేతకు కాదు. చూసుకోనీకె.”

“చూసుకోనీకె గోడకు క్యాలెండర్ లేదా? నాకియ్యి ఆ జాగ. గోంగూర, తోటకూర, బీర, సొర పెడత. పుట్టినప్పటి సంది పెరటి కూర తిన్న నోరు నాది. గీ అంగడి కూర ముద్ద దిగుతలేదు.”

ఆమె కోరిక న్యాయమైనదే. నా కోరికా న్యాయమైనదే. జాగా మాత్రం ఒక్కటే. రెండు న్యాయాలకు ఒక్క జాగా ఉన్నచోట ఒడంబడిక రాసుకోవాలి. రాశాను. దసరా వరకు జాగా నాది. దసరానాడు లాన్ గోడ నుంచి గోడదాకా పచ్చగా ఉంటే ఎప్పటికీ నాదే. అరచేతి కంటే పెద్ద బోడి మచ్చ ఒక్కటి కనబడినా ఎప్పటికీ ఆమెదే. ఈలోగా లాన్ విషయంలో ఆమె ఎటువంటి జోక్యమూ చేసుకోరాదు. తీర్పరిగా ఆమె తమ్ముడు యాదగిరి ఉండాలని ఆమె పట్టుబట్టింది. యాదగిరిది మర్రిగూడ దిక్కు. వాన మీద ఆధారపడి పత్తి, కంది పండించే రైతు. తీర్పరి ఎదుటి పక్షానికి తోడబుట్టినవాడని తెలిసీ సంతకం పెట్టాను. పచ్చగా ఉన్నదాన్ని పచ్చగా లేదని ఏ తమ్ముడు మాత్రం అనగలడు?

మృగశిర కార్తెలో హైవే పక్క నర్సరీ నుంచి గడ్డి వచ్చింది. చాపల్లా చుట్టి తెచ్చారు; చాపల్లానే పరిచారు. నేను కొత్త రిజిస్టరు తెరిచి గడులు గీశాను: తేదీ, తడి, ఎత్తు, రంగు, రిమార్కులు. మొదటి నెలంతా రంగు గడిలో ‘పచ్చ’, ‘చాలా పచ్చ’, ‘అమోఘం’ అన్న మాటలే ఉన్నాయి. కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దారిన పోయేవారిని పిలిచి అంచున నిలబెట్టి మాట్లాడాను. ఒకాయన పొరపాటున లోపలికి అడుగు వేస్తే, నా గొంతులోంచి పెద్ద ఇంజనీరుగారు గద్దించారు.

తరువాత శ్రావణం వచ్చింది. మా దిక్కు శ్రావణం ఎలా ఉంటుందో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. పొద్దున ఎండ, మధ్యాహ్నం జల్లు, సాయంత్రానికి ఉడుకుతున్న అన్నం గిన్నె మీద మూత పెట్టినట్టు ఉక్కపోత. అటువంటి రోజుల్లో మనిషికే ఒళ్లు పాసిపోతుంది. గడ్డికి మాత్రం దాహమేస్తుందని నేను నిర్ణయించాను. పొద్దున ఒక తడి, మధ్యాహ్నం ఒక తడి, దీపాలు పెట్టే వేళ మరొక తడి. హాలియా అంటే సాగర్ కాలువ నీళ్లు. నీళ్లు నిలబెడితే పచ్చబడని వస్తువు ఇక్కడ ఉండదని నా విశ్వాసం. దానికితోడు వారానికి రెండుసార్లు మిషనుతో గడ్డిని బోడిగుండుకు మూడోనాటి వెంట్రుకలంత పొట్టిగా కత్తిరించేవాణ్ణి. క్రమశిక్షణ ముఖ్యం కదా.

ఒకనాటి ఉదయం లాన్ మధ్యలో గుండ్రటి గోధుమరంగు మచ్చ కనబడింది, రూపాయి బిళ్లంత. నాలుగు రోజులకు అది పళ్లెమంత అయింది. వారానికి చేటంత అయి, పక్కన మరో మూడు పిల్లచేటలను పెట్టింది. తెల్లవారుజామున చూస్తే గడ్డి కొసల మీద సాలెగూడు వంటి తెల్లటి దారాలు. రంగు గడిలో ఏమి రాయాలో తోచక ‘పరిశీలనలో ఉన్నది’ అని రాశాను.

అదే సమయంలో యాదగిరి అక్కను చూడవచ్చాడు. చెప్పులు విడిచి, లాన్ మీద పాదం మోపి, మడమతో నొక్కాడు. నీళ్లు చిమ్మాయి.

“బావా, గిది లానా, వరి మడా?”

“తడి సరిపోతలేదేమోనని చూస్తున్న.”

“సరిపోతలేదా? మా దిక్కు తాగనీకె మంచినీళ్లకు ఎన్నేండ్లు ఏడ్చినమో తెల్సా నీకు? నువ్వు గడ్డికి మూడు పూటల తాపుతున్నవ్. కడుపుబ్బి సస్తది. ఉక్కపోతకు బూజు పట్టింది బావా. పొద్దుగాల ఒక్కపారి తడుపు, గదీ వాన లేని దినమే. మాపటీలి అస్సలు ముట్టకు. రాత్రంత ఆకు తడిగుంటే బూజు రాక ఏమొస్తది? మళ్ల గంత పొట్టిగ కొరగకు. జర ఆకు ఉండనియ్యి, ఊపిరి పీల్చుకోనీకె. నిలిచిన నీళ్లు పోనీకె గోడకాడ ఒక దారి కొట్టు. గంతే.”

పాఠకులారా, ఇప్పుడు నాకు తెలుసు: అతడు చెప్పిన ప్రతి అక్షరమూ సత్యం. ఆ నాలుగు మాటలు విని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు, లాన్ ఉండేది. కానీ ముప్పై నాలుగేళ్లు కాలువల లెక్కలు రాసినవాడికి, చెరువు కూడా లేని ఊరివాడు నీళ్ల సంగతి చెప్పడమా? పైగా తీర్పరి, ఎదుటి పక్షం తోడబుట్టినవాడు. రిమార్కుల గడిలో ‘సలహా అందినది. దురుద్దేశపూరితము’ అని రాశాను. ఆ రాత నేటికీ స్పష్టంగా ఉంది.

వ్యాధి నిర్ణయం నేనే చేశాను: బలం తక్కువ. ఔషధమూ నాకే స్ఫురించింది: గొర్రెల మంద.

తెలియనివారికి ఒక్క మాట. మా దిక్కు పంట కోసిన తరువాత రైతులు గొల్లవారిని పిలిచి చేనులో మంద పెట్టిస్తారు. గొర్రెలు ఆ చేనులో విశ్రమిస్తాయి. వాటి ఎరువంతా మట్టిలో కలుస్తుంది. మా బాపు ఏటా పెట్టించేవాడు. మరుసటి పైరు మనిషి ఎత్తు లేచేది. చేనుకు పనికొచ్చింది లాన్‌కు పనికిరాదా? ‘పంట కోసిన తరువాత’ అన్న మూడు మాటలు ఉన్నాయి చూశారూ, అవి నా బుర్రలో ఎక్కడో జారిపోయాయి. గొర్రె కసాయివాణ్ణి నమ్ముతుందని సామెత. గొర్రెను నమ్మినవాడి మీద సామెత ఇంకా పుట్టలేదు. పుట్టిననాడు దానికి మూలపురుషుణ్ణి నేనే.

కాలువకట్ట మీద మంద మేపుకునే మల్లయ్యను పిలిపించాను. నా ఈడువాడే; భుజాన గొంగడి, చేతిలో కర్ర. లాన్‌ను, నన్ను మార్చి మార్చి చూశాడు.

“సారూ, మంద ఉత్త చేన్ల పెడ్తరు గని, గిట్ల పచ్చగడ్డి మీద పెడ్తరా? తినయా?”

“కడుపు నిండిన గొర్రె ఎందుకు తింటది? ముందుగాల కడుపునిండ మేపుకరా. నిండినంక ఈడ పండుకుంటయ్.”

“రాత్రి తోల్కరావాల్నా?”

“వద్దు. రాత్రి జరిగింది రికార్డు చేయరాదు. పగటీలి, ఎండపొద్దున తోల్కరా. నేను చూస్తుండాలె, రాసుకుంటుండాలె.”

మల్లయ్య కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు ఆలోచించాడు. “నువ్వు సదువుకున్నోనివి. నీకు తెల్వదా” అన్నాడు చివరికి. దాన్ని నేను ప్రశంసగా స్వీకరించాను.

తరువాత నిబంధనలు రాసి అతడికి చదివి వినిపించాను. ఒకటి, గొర్రెలు కడుపు నిండా మేసి రావలెను. రెండు, లోనికి వచ్చిన పిమ్మట పడుకొనవలెను. మూడు, ఎరువును జాగా అంతటా సమానముగా వేయవలెను.

“సారూ,” అన్నాడు మల్లయ్య వినయంగా, “మూడోది నేను జెప్తె ఇంటయా?”

చెప్పిన రోజున, చెప్పిన వేళకు యాభై గొర్రెలు, వాటి పెద్దగా ఒక కొమ్ముల పొట్టేలు మా గేటులోంచి లోపలికి వచ్చాయి. మనిషి ఎదురుగా ఉంటే గొర్రెలు నిశ్చింతగా పడుకోలేవని భావించి, మల్లయ్యను చాయ్ తాగి రమ్మని సెంటరుకు పంపాను. గొర్రెలు బయటికి పోకుండా గేటు గొళ్లెం పెట్టాను. రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, లాన్ మూలన నీళ్లు నింపిపెట్టే సిమెంటు గోలెం పక్కన నిలుచున్నాను.

పన్నెండు నలభైకి ప్రవేశం. ప్రశాంతం. పన్నెండు నలభై ఒకటికి ఒక ముసలి గొర్రె తలవంచి లాన్‌ను వాసన చూసింది. ‘పడుకొనుటకు స్థలం ఎంచుకొనుచున్నది’ అని రాశాను. పన్నెండు నలభై రెండుకు ఒక చిన్న శబ్దం వినబడింది. కొత్త బట్ట చింపినప్పుడు వస్తుందే, ఆ శబ్దం. ఆ వెనుకనే బట్టల దుకాణంలో ఒక్కసారిగా యాభై తానులు చింపినట్టయింది.

“ఆపండి! ఆపండి!” అని అరిచాను. గొర్రెలతో గౌరవవాచకంలో మాట్లాడిన మొదటి రిటైర్డ్ ఉద్యోగిని నేనే అయి ఉంటాను. గేటు తీద్దామని రెండడుగులు వేశానో లేదో, పొట్టేలు తలెత్తి, నన్ను పాదాల నుంచి కళ్లజోడు వరకు తనిఖీ చేసి, కొమ్ములు దించింది. తరువాత ఏమి జరిగిందో నాకు తెలియదు. తెలిసేసరికి నేను గోలెం గట్టు మీద, రిజిస్టరు తల మీద ఉన్నాం.

వరండాలోంచి సత్తెమ్మ కేక వేసింది.

“ఏమయ్యా, పండుకున్నయా?”

“ఇంకా లేదు!”

“మరి నువ్వెందుకు గోలెం ఎక్కినవ్?”

“జర గేటు తియ్యరాదే! తింటున్నయ్!”

“నేనెట్ల తీస్త? లాన్ సంగతిల నేను జోక్యం జేస్కోవద్దని రాసినవ్ గద. సంతకం గూడ జేపిచ్చినవ్.”

“గిప్పుడు జేస్కో! నేనే చెప్తున్న!”

“నోటి మాట నడ్వది. కాయిదం మీద రాసియ్యి.”

రాసిద్దామంటే కలం గోలెంలో మునిగిపోయింది. కంచే చేను మేసిందని జనం వాపోతారు. నేను కంచె తలుపు మూసి, గొళ్లెం పెట్టి, మందకు విస్తరి వేసి, వడ్డన సరిగా జరుగుతోందా లేదా అని గోలెం ఎక్కి పర్యవేక్షించాను. ఇంకొక సంగతి. మూడు పూటలా తడపడం వల్ల మా గడ్డి వేర్లు లోతుకు దిగకుండా పైపైనే ఉండిపోయాయట. అందువల్ల గొర్రె ఒకసారి లాగితే కొస కాదు, వేరు కూడా వచ్చేది. బూజు పట్టిన మచ్చలను మాత్రం అవి మూతి పెట్టి చూసి వదిలేశాయి. వైద్యం తెలిసిన గొర్రెలు.

మల్లయ్య చాయ్ తాగి వచ్చేసరికి లాన్ ఉన్న చోట మట్టి ఉంది. మట్టి మీద గొర్రెలు హాయిగా పడుకుని నెమరేస్తున్నాయి. సత్యం చెప్పాలి: రెండో నిబంధన నూటికి నూరుపాళ్లు అమలైంది, గడ్డి అయిపోయాక.

“నిన్ను కడుపునిండ మేపుకరమ్మన్న గదనయ్యా!” అని గోలెం మీదినుంచే నిలదీశాను.

“నిండనే మేపిన సారూ. గొర్రెకు కడుపు నిండుతది గని నోరు నిండదు.”

ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. దసరాకు ఇంకా నెల ఉంది. సత్తెమ్మ అప్పుడే గోంగూర గింజలు చెంగున కట్టుకుని తిరుగుతోంది. “తొందరపడకు, ఎరువు పడ్డది. పదింతలు బలంగ మొలుస్తది చూడు” అన్నాను. నమ్మి అన్నానో, మాట పడలేక అన్నానో రిజిస్టర్లో లేదు.

పాఠకులారా, మొలిచింది! రెండు జల్లులు పడ్డాక, పన్నెండో రోజున, నేలంతా పచ్చటి చుక్కలు. నేను మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టి, మూడు వందల తరువాత ఆనందంతో మానేశాను. ఇరవయ్యో రోజుకు ఎటు చూసినా పచ్చదనమే; గోధుమరంగు మచ్చ ఒక్కటి లేదు. రంగు గడిలో ‘అమోఘం’ అని రాసి కింద రెండు గీతలు గీశాను. ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. వీధిలో ఇద్దరు పెద్దమనుషులకు మంద ఎరువు మహిమ మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

సత్తెమ్మ ఒకనాడు అంచున వంగి చూసింది. “ఏమయ్యా, గడ్డికి గిట్ల జంట ఆకులుంటయా? చింతాకు లెక్కున్నది.”

“బలం పట్టినప్పుడు గడ్డి రూపు మారుతది.”

“గట్లనా?” అని, పెదవి కొరుక్కుంటూ లోపలికి పోయింది. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. రాలేదు సరికదా, గడువుకు పది రోజుల ముందే తీర్పుకు రమ్మని యాదగిరికి ఫోన్ చేశాను. మల్లయ్యను కూడా సాక్షిగా పిలిచాను, కృతజ్ఞతతో.

యాదగిరి వచ్చి గేటు దగ్గరే ఆగిపోయాడు.

“చెప్పులు ఇడిచి రా బామ్మర్దీ. అరచేతంత బోడి మచ్చ చూపెట్టు చూద్దాం.”

“మచ్చ లేదు బావా. అంత పచ్చగనే ఉన్నది.”

“అంతే గద! అయితే తీర్పు చెప్పు.”

అతడు గొంతుక్కూర్చుని, ఒక మొక్కను రెండు వేళ్లతో పీకి, ఆకు నలిపి చూసి, మల్లయ్య వైపు తిరిగాడు.

“మల్లన్నా, ఆ దినం మందను ఏం మేపినవ్?”

“కడుపునిండ మేపుమన్నడు గద సారు. కాలువకట్ట మీద తుమ్మకాయలు మస్తు రాలినయ్. గవే మేపిన. ఒక్కొక్కటి బుట్టెడు తిన్నది.”

యాదగిరి నేల మీద కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో కాసేపు తెలియలేదు.

“బావా! గిది గడ్డి గాదు. సర్కారు తుమ్మ! కాయ గొర్రె కడుపులకు వోయింది, గింజ ఎరువుతోటి నీ లాన్‌లకు వొచ్చింది. ముప్పై నాలుగేండ్లు సర్కారు కొలువు జేస్తివి. సర్కారు తుమ్మ నిన్ను ఇడుస్తదా? ఇంకో రెండు నెలలు ఆగు, ముండ్లు ముదురుతయ్. అప్పుడు కుర్చీ ఎందుకు, వట్టిగనే కూసో. సీద దవాఖానకే పోవచ్చు!”

“పచ్చగా ఉండవలెను అని మాత్రమే ఒడంబడికలో ఉన్నది. గడ్డి అని లేదు” అన్నాను, కాగితం విప్పి. ఇప్పటికీ ఆ వాదనలో పస ఉందనే నా అభిప్రాయం.

“లాన్ అని ఉన్నది గద బావా,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “అక్కా, గింజలు తీసుకరా. జాగ నీది.”

వేలెడు మొక్కకు జానెడు వేరు. వాటిని పీకడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఒడంబడికలో లేకపోయినా పీకింది నేనే, ఎందుకంటే సత్తెమ్మ అడగలేదు. వరండాలో కూర్చుని చూసింది, అంతే. దానికంటే అడిగితేనే నయం.

నేలంతా ఖాళీ అయిన మరునాడు గేటు దగ్గర ఆమె గొంతు వినబడింది.

“మల్లన్నా, గిప్పుడు జాగ ఉత్తగున్నది. ఒక పూట మంద పెట్టు. తుమ్మకాయలు మేపకు.”

“అట్లనే అక్కా.”

అంతే. రిజిస్టరు లేదు, చదివి వినిపించడం లేదు. నన్ను మాత్రం కిటికీ లోపలే ఉండమన్నారు, పొట్టేలు నన్ను గుర్తుపడుతుందని. గొర్రెలు వచ్చాయి. తినడానికి ఏమీ లేదు కనుక పడుకున్నాయి. నేల అంతటా, సమానంగా, ఎంతో శ్రద్ధగా ఎరువు వేశాయి. సాయంత్రానికి లేచి పోయాయి. కార్తీకం నాటికి మా ఇంటి ముందు తోటకూర మోకాలెత్తు లేచింది. సొరపాదు గోడెక్కి వీధిలోకి తొంగిచూసింది. రోజూ ఉదయం ఒక్కసారే నీళ్లు. యాదగిరి చెప్పాడట.

కనుక నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, ఈ వ్యాసం చదివినవారందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో మరెన్నడూ, ‘నాకు కడుపు నిండింది, ఏమీ వద్దు’ అని చెప్పిన ఏ ప్రాణినీ, అది గొర్రె అయినా సరే, చుట్టమైనా సరే, నమ్మి నా పచ్చదనం మీద పడుకోబెట్టను.

ప్రమాణానికి సాక్షి సంతకం పెట్టమని మా ఆవిడను అడిగాను. “తోటకూర తెంపుకొచ్చినంక పెడత” అన్నది. ఏళ్లు గడిచాయి. ఇంకా తెంపుతూనే ఉంది.